పాత ఫోర్ బై ఫోర్ కొనేముందు బండి కింద తుప్పు చూడటం ఎలా

పాత థార్‌నో ఫార్చ్యూనర్‌నో చూడటానికి వెళ్లినవాళ్లు ముందు బానెట్ ఎత్తుతారు, తర్వాత టైర్లు చూస్తారు, ఆపైన ఏసీ వేసి చూస్తారు. ఇవన్నీ డబ్బుతో తీరిపోయేవే. ఇంజన్ బోరుకొస్తే బోరు చేయించుకోవచ్చు, ఏసీకి గ్యాస్ పట్టించుకోవచ్చు. ఛాసిస్ ఫ్రేమ్‌ని తుప్పు తినేస్తే అలా తీరదు. ఇంజన్, గేర్‌బాక్సు, బాడీ, చక్రాలు అన్నీ దానికే బిగించి ఉంటాయి, ఛాసిస్ నంబరు కూడా దాని మీదే కొట్టి ఉంటుంది. ఫ్రేమ్ మార్చాలంటే బండి మొత్తం విప్పాలి, పైగా అది రవాణా శాఖ అనుమతులతో ముడిపడిన పని. కాబట్టి మిగతావన్నీ తర్వాత, ముందు కిందకి దూరండి.

ఒక్క మాట మొదటే మనసులో పెట్టుకోండి. తుప్పు ఎంత ఉందన్నది కాదు, ఎక్కడ ఉంది, ఎంత లోతుకు దిగింది అన్నది చూడాలి. యాక్సిల్ హౌసింగ్ (ఇరుసు చుట్టూ ఉండే ఇనప డొప్ప) అంతా ఎర్రగా ఉన్నా బండి కొనొచ్చు. కమాను (లీఫ్ స్ప్రింగు) తగిలించే బ్రాకెట్ దగ్గర రూపాయి బిళ్లంత బొక్క ఉంటే వదిలేయాలి.

ఫోన్‌లోనే తేల్చుకోవాల్సినవి

బండి ఎక్కడ తిరిగిందో అడగండి. విజయవాడ నుంచి మచిలీపట్నం (బందరు) దాదాపు 70 కిలోమీటర్లు, గుంటూరు నుంచి బాపట్ల 50 పైచిలుకు. ఊళ్లో తిరిగిన బండికీ ఆ తీరాన తిరిగిన బండికీ కింద చాలా తేడా ఉంటుంది. సముద్రపు నీళ్లలో లీటరుకు 35 గ్రాముల దాకా ఉప్పు ఉంటుంది. ఆ నీరు ఆరిపోయినా ఉప్పు మాత్రం సందుల్లో ఉండిపోతుంది, గాలిలో తేమ పెరిగినప్పుడల్లా మళ్లీ తడిసి ఇనుమును తింటూనే ఉంటుంది. సూర్యలంక బీచ్‌లోనో మంగినపూడి బీచ్‌లోనో ఇసుకలో సరదాగా తిప్పి, ఇంటికొచ్చాక కింద కడగకుండా వదిలేసిన థార్లు మార్కెట్లో బాగానే ఉన్నాయి.

కృష్ణా ఇసుక ర్యాంపుల్లో తిరిగిన బండిని దీనితో కలపకండి. ఏటి ఇసుకలో ఉప్పు లేదు. దానివల్ల బేరింగులు, సీళ్లు, బ్రేకులు అరుగుతాయి తప్ప ఫ్రేమ్ అంత త్వరగా పుచ్చిపోదు.

అంతకన్నా అనుమానించాల్సినవి రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగినవి, చేపల ట్రేలు మోసిన బొలెరో క్యాంపర్లు, పికప్‌లు. ఐసు కరిగిన ఉప్పునీళ్లు వెనక తొట్టి సందుల్లోంచి ఫ్రేమ్ మీదకే కారుతుంటాయి. ఎరువుల బస్తాలు మోసిన బండి కూడా అలాంటిదే. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్, ఇనుము విషయంలో అదీ ఉప్పు చేసే పనే చేస్తుంది.

నంబరు ప్లేటు చూసి జిల్లా చెప్పేయొచ్చు అనుకోవద్దు. పాత నంబర్లలో ఏపీ 16 అంటే కృష్ణా, ఏపీ 07 అంటే గుంటూరు. 2019లో కొత్త బళ్లకు జిల్లా కోడ్ తీసేసి, రాష్ట్రమంతటికీ ఒకే కోడ్‌గా ఏపీ 39తో మొదలుపెట్టారు. అందుకని ఆర్‌సీ మీద చిరునామా చూడండి, మొదటి యజమాని ఏ ఊరివాడో కనుక్కోండి, సర్వీసు రికార్డులో ఏ ఊరి షోరూం ముద్ర ఉందో చూడండి. ఢిల్లీ వైపు పదేళ్లు దాటిన డీజిల్ బళ్ల మీద ఆంక్షల వల్ల ఎన్‌ఓసీ మీద ఇటు వచ్చినవి కొన్ని కనపడతాయి. అక్కడి పొడి వాతావరణం వల్ల వాటి కింది భాగం మన తీరప్రాంతపు బండి కన్నా శుభ్రంగా ఉండటం మామూలే. అక్కడ చూసుకోవాల్సింది కాగితాలు, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్సు.

ఇంకో రెండు మాటలు ఫోన్లోనే చెప్పండి: "నేను వచ్చేదాకా కింద వాటర్ సర్వీసింగ్ చేయించకండి. లిఫ్ట్ మీద ఎక్కించి చూసుకుంటాను." రెండోదానికి ఒప్పుకోని మనిషి దగ్గరికి పెట్రోలు ఖర్చు పెట్టుకుని వెళ్లడం దండగ.

వెంట ఉంచుకోవాల్సినవి

మంచి టార్చి. 200 గ్రాముల చిన్న సుత్తి. మొన అరిగిన పాత స్క్రూడ్రైవర్. వైర్ బ్రష్. చిన్న అద్దం, లేదా సెల్ఫీ స్టిక్కుకు తగిలించిన ఫోను. అయస్కాంతం. వెర్నియర్ (రేకు మందం కొలిచే సాధనం) ఉంటే ఇంకా మంచిది. ఫోనుకు తగిలించుకునే సన్నటి పైపు కెమెరా వెయ్యి, పదిహేను వందల్లో దొరుకుతుంది. మూసి ఉన్న ఫ్రేమ్ లోపలికి చూడటానికి అంతకు మించిన సాధనం లేదు. కళ్లద్దాలు తప్పనిసరి. తల పైకెత్తి సుత్తితో కొడుతుంటే రాలే తుప్పు పొడి నేరుగా కళ్లలోనే పడుతుంది.

పెయింటు మందం కొలిచే మీటరుతో ఫ్రేమ్ తుప్పు తెలుస్తుందని కొందరు నమ్ముతారు. అది ఇనుము మీద పూత ఎంత మందం ఉందో చెబుతుంది, ఇనుము ఎంత మిగిలిందో చెప్పదు. ఇనుము మందానికి అల్ట్రాసోనిక్ గేజ్ వేరే ఉంటుంది, దాన్ని పెట్టాలన్నా తుప్పు పొర గీకి శుభ్రం చేయాలి.

ఎక్కడ ఎత్తాలి

విజయవాడ ఆటోనగర్‌లో గానీ గుంటూరు ఆటోనగర్‌లో గానీ లిఫ్ట్ లేదా పిట్ ఉన్న షెడ్డు చూసుకుని, చూసినందుకు ఇంత అని ముందే మాట్లాడుకోండి. అమ్మేవాళ్లు చెప్పిన షెడ్డు వద్దు, మీరు ఎంచుకున్న షెడ్డుకే రప్పించండి. రెండు స్తంభాల లిఫ్ట్ మీద చక్రాలు కిందకి వేలాడతాయి, చక్రాల తొట్లు, షాక్ అబ్జార్బర్ల మొదళ్లు బాగా కనిపిస్తాయి. పిట్ మీద బండి బరువు చక్రాల మీదే ఉంటుంది కాబట్టి కమాన్ల వాలు, బుష్‌ల (కీళ్ల దగ్గర రబ్బరు ముక్కల) స్థితి సరిగ్గా తెలుస్తాయి. ఏదైనా సరే. జాకీ ఒక్కటే పెట్టి మాత్రం దూరకండి. తుప్పు పట్టిన చోట జాకీ పెడితే అదే చోట ఫ్రేమ్ లోపలికి కుంగిపోతుంది.

పగటి పూట, బండి పొడిగా ఉన్నప్పుడు వెళ్లండి. తడిసిన తుప్పు నల్లగా మట్టిలో కలిసిపోయి కనపడదు.

చేయి పెట్టకముందు ఓసారి మొత్తం చూడండి

ముందు కంటికి ఆనాల్సింది గోధుమరంగు కాదు, నలుపు. పదేళ్ల బండి కింద అంతా నిగనిగలాడే నల్లరంగు ఉందంటే, అది ఎప్పుడు కొట్టించారు, కొట్టకముందు ఏం చేశారు అన్నవి రెండు ప్రశ్నలు. శుభ్రంగా గీకి, ప్రైమర్ వేసి, కోటింగ్ చేయించిన బండి అయితే బిల్లు ఉంటుంది, పని జరిగేటప్పుడు తీసిన ఫోటోలు ఉంటాయి. అమ్మకానికి పెట్టిన వారంలో కొట్టిన నలుపైతే గుర్తులు ఇలా ఉంటాయి: రబ్బరు బుష్‌ల మీద, బ్రేకు గొట్టాల మీద, సైలెన్సర్ మీద, వైరింగు మీద కూడా రంగు తుంపర పడి ఉంటుంది. బోల్టు తలలు మందంగా పూత కప్పేసి ఉంటాయి. మట్టి గడ్డ మీదే రంగు ఉంటుంది, గోటితో లేపితే రంగూ మట్టీ కలిసి ఊడతాయి. ఫ్రేమ్ పక్కలు నల్లగా, పైభాగం మాత్రం ఎర్రగా ఉంటుంది, ఎందుకంటే కింద నిలబడి స్ప్రే గన్ పట్టుకున్నవాడికి పైభాగం అందదు. అద్దం పెట్టి పైభాగం చూడమనేది ఇందుకే.

మందపాటి రబ్బరు కోటింగ్ ఇంకో చిక్కు. తుప్పు మీదే దాన్ని కొడితే లోపల తేమ చిక్కుకుపోతుంది, పైన చర్మం బాగానే ఉన్నా కింద ఇనుము పొరలు లేస్తూనే ఉంటుంది. బొటనవేలితో అక్కడక్కడ నొక్కండి. కోటింగ్ బుడగలా కదిలినా, నొక్కితే లోపల కరకరమన్నా అక్కడ ఇనుముకు దానికి సంబంధం తెగిపోయిందని అర్థం.

వాడిన ఇంజన్ ఆయిల్ కింద కొట్టించడం కూడా మన సర్వీసింగ్ స్టేషన్లలో ఉన్నదే. తుప్పును కొంత ఆపుతుంది, కాదనలేం. కానీ దుమ్మును పట్టుకుని తుప్పును కప్పేస్తుంది, రబ్బరు బుష్‌లను ఉబ్బేలా చేస్తుంది. అలాంటి బండిని చూడటానికి గుడ్డ పెట్టి తుడుచుకుంటూ పోవాల్సిందే.

గోధుమరంగు దాచకుండా చూపిస్తున్న బండి మీదే మాకు నమ్మకం ఎక్కువ. దాని సంగతి పది నిమిషాల్లో తేలిపోతుంది.

ఫ్రేమ్: ముందు నుంచి వెనక్కి, వరసగా

ముందు మీ బండి ఏ జాతిదో తెలుసుకోండి. థార్, బొలెరో, స్కార్పియో, జిప్సీ, జిమ్నీ, గుర్ఖా, ఫార్చ్యూనర్, ఎండీవర్, ఇసుజు వి-క్రాస్ వంటివి నిచ్చెన ఫ్రేమ్ బళ్లు: బాడీ వేరు, ఫ్రేమ్ వేరు. డస్టర్, ఎక్స్‌యూవీ 500 వంటి ఆల్ వీల్ డ్రైవ్‌లకు వేరే ఫ్రేమ్ ఉండదు, బాడీయే ఫ్రేమ్. వాటి సంగతి తర్వాత.

నిచ్చెన ఫ్రేమ్ పట్టీలు కొన్నిచోట్ల ఒకవైపు తెరిచి, కొన్నిచోట్ల నాలుగువైపులా మూసి పెట్టెలా ఉంటాయి. తెరిచి ఉన్నది చూడటం తేలిక. మూసి ఉన్నదే ప్రమాదం. దాని బొక్కల్లోంచి నీళ్లు, బురద లోపలికి పోతాయి. నీళ్లు దిగిపోవడానికి అడుగున ఉన్న చిన్న రంధ్రాలు మట్టితో పూడుకుపోతే ఇక ఆ బురద ఎండదు. గుంటూరు, పల్నాడు వైపు నల్లరేగడిలో తిరిగిన బండికి ఇది మరీ ఎక్కువ. ఆ మట్టి ఒకసారి పట్టుకుంటే వదలదు, నెలల తరబడి తేమను పట్టి ఉంచుతుంది. బయట పెయింటు చెక్కుచెదరకుండా ఉండగానే ఫ్రేమ్ లోపలి నుంచి పలచబడిపోతుంది. అమెరికాలో టొయోటా టకోమా పికప్‌ల ఫ్రేముల గొడవ ఇలాంటి తుప్పు మీదే వచ్చింది. ఆ ఒప్పందంలో ఫ్రేమ్ మార్చి ఇవ్వడానికి పెట్టుకున్న కొలత 10 మిల్లీమీటర్ల బొక్క. ఆ బళ్లు మన దగ్గర లేవు గానీ, ఆ కొలత గుర్తుంచుకోదగ్గదే.

ఇప్పుడు సుత్తి తీసుకోండి. ముందు బంపర్ వెనక నుంచి మొదలుపెట్టి, అరచేతి వెడల్పు దూరానికి ఒక దెబ్బ చొప్పున, ఫ్రేమ్ పక్కన, అడుగున తడుతూ వెనక్కి వెళ్లండి. బలంగా కాదు, తలుపు తట్టినంత. మంచి ఇనుము ఖంగుమని మోగుతుంది, సుత్తి ఎగిరొస్తుంది. పుచ్చిన చోట మొద్దు శబ్దం వస్తుంది, సుత్తి అక్కడే ఆగినట్లుంటుంది. పెట్టె భాగం లోపల పొడి గలగల రాలిన చప్పుడు వినిపిస్తే లోపల తుప్పు చెక్కులు ఊడి పడి ఉన్నాయన్నమాట. శబ్దం మారిన ప్రతి చోటా సుద్దతో గుర్తు పెట్టుకోండి.

ఆగి చూడాల్సిన చోట్లు ఇవి. ముందు చక్రాల దగ్గర సస్పెన్షన్ ఆర్ములు, స్టీరింగ్ బాక్సు బిగించిన చోటు. బాడీ ఫ్రేమ్ మీద కూర్చునే మౌంటింగ్ బ్రాకెట్లు, వాటి రబ్బరు కప్పుల చుట్టూ. అడ్డ పట్టీలు పక్క పట్టీలను కలిసే మూలలు. డీజిల్ ట్యాంకు పైన ఉన్న ఫ్రేమ్ భాగం, ఇక్కడ మట్టి పేరుకుని ఏళ్ల తరబడి ఎవరూ కదిలించరు. ఆ తర్వాత వెనక యాక్సిల్ మీదుగా ఫ్రేమ్ పైకి వంగే చోటు. వెనక చక్రాలు చిమ్మే నీళ్లు, మట్టి అన్నీ అక్కడే కొడతాయి, వెనక బరువంతా అక్కడే పడుతుంది. ఒక్కచోటే చూడటానికి టైముంటే అక్కడే చూడండి. దాని వెనక కమాను షాకిల్ (కమాను కొసను పట్టుకుని ఊగే లింకు) తగిలే బ్రాకెట్లు, స్టెప్నీ వేలాడే అడ్డ పట్టీ, చివర టో హుక్కు బిగించిన కొసలు.

గుర్తు పెట్టిన చోట వైర్ బ్రష్‌తో గట్టిగా రుద్దండి. రుద్దగానే మెరిసే ఇనుము, సాఫీగా బయటపడితే అది పైతుప్పు. ఏ బండికైనా ఉండేదే. ఇనుము బయటపడింది గానీ గుంటలు గుంటలుగా ఉంటే తుప్పు లోపలికి దిగడం మొదలైంది. ఆ గుంటల లోతు కొలవాలి. బ్రష్‌కు రేకులు రేకులుగా పొరలు ఊడుతుంటే, స్క్రూడ్రైవర్ మొనతో ఆ పొరలు లేపి కింద ఏం మిగిలిందో చూడాలి. తుప్పు తను తిన్న ఇనుము కన్నా కొన్ని రెట్లు ఉబ్బుతుంది కాబట్టి ఊడిన పొర మందం చూసి బెదిరిపోకండి, మిగిలినదాన్నే చూడండి. ఈ ఉబ్బే గుణం వల్లే రెండు రేకులు కలిపి వెల్డింగ్ చేసిన అతుకుల మధ్య తుప్పు పడితే అవి నోరు తెరుస్తాయి. అతుకు ఉబ్బి విడిపోయి కనిపిస్తే, లోపల సంగతి బయటికన్నా ఘోరంగా ఉందనుకోవాలి.

ఫ్రేమ్ రేకు బండిని బట్టి సాధారణంగా 2 నుంచి 4 మిల్లీమీటర్లు ఉంటుంది. తెరిచి ఉన్న పట్టీ అంచు దొరికిన చోట వెర్నియర్ పెట్టండి: అదే ఫ్రేమ్ మీద బాగున్న చోట ఒక కొలత, తుప్పు గీకిన చోట ఒక కొలత. పావు వంతుకు మించి తగ్గిందంటే, అది బరువు పడే చోటైతే, మేం ఆ బండి వద్దంటాం. స్క్రూడ్రైవర్ మొన పెట్టి బొటనవేలి బలంతో నొక్కితే దిగిపోయిందంటే ఇక కొలతలతో పనిలేదు. దీనికి ముందు అమ్మేవాళ్ల అనుమతి అడగండి. "ఏం లేదండీ, పైపైన తుప్పే" అన్న మనిషికి స్క్రూడ్రైవర్‌తో నొక్కితే అభ్యంతరం ఉండకూడదు.

మూసి ఉన్న భాగాల్లోకి పైపు కెమెరా పెట్టి ఫోనులో వీడియో తీసుకోండి. లోపల సన్నటి గోధుమ పొడి పరవాలేదు. అడుగున బురద పేరుకుని, దాని మీద తుప్పు పెచ్చులు పడి ఉంటే పరవాలేదనుకోకండి.

ఇంకొకటి, ఛాసిస్ నంబరు. చాలా నిచ్చెన ఫ్రేమ్ బళ్లలో కుడి పక్క పట్టీ మీద, ముందు చక్రం దగ్గర కొట్టి ఉంటుంది. గుడ్డతో తుడిచి ప్రతి అంకె ఆర్‌సీతో పోల్చండి, కాగితం పెట్టి పెన్సిల్‌తో ఛాసిస్ ప్రింటు తీసి చూడండి. ఇన్సూరెన్సువాళ్లు, ఆర్టీఓ ఆఫీసులో అడిగేది ఆ ప్రింటే. పదిహేనేళ్లు దాటిన బండికి ఆర్‌సీ రెన్యువల్‌లో కూడా బండిని చూపించాలి. తుప్పుకు అంకెలు తినేసి ఉన్నా, ఆ చుట్టుపక్కల వెల్డింగ్ గానీ గ్రైండింగ్ గానీ కనిపించినా బేరం అక్కడితో ఆపేయండి. అది తుప్పు సమస్య కాదు, కేసుల సమస్య.

వెల్డింగ్ ప్యాచ్‌లు

ప్యాచ్ ఉన్నంత మాత్రాన బండి చెడ్డది కాదు. పుచ్చిన ముక్కను మంచి ఇనుము తగిలేదాకా కోసేసి, అదే మందం రేకు వేసి, చుట్టూ తెగకుండా వెల్డింగ్ చేసి, లోపలా బయటా పూత వేస్తే అది పనికొచ్చే పనే. ఆటోనగర్‌లో అలా చేయగల మేస్త్రీలు ఉన్నారు. తక్కువలో అయిపోవాలని తుప్పు మీదే రేకు కప్పి చుక్కలు చుక్కలుగా అతికించేదే ఎక్కువ. అది తుప్పు పట్టిన ఇనుముకే అతికింది, రెండు రేకుల మధ్య నీళ్లు నిలవడానికి కొత్త చోటు దొరికింది.

ప్యాచ్ అంచు ఫ్రేమ్‌కు అడ్డంగా నిటారు గీతలా ఉందా, ఏటవాలుగా ఉందా చూడండి. ఫ్రేమ్ పై అంచు, కింది అంచు మీద నిటారుగా అడ్డంగా వెల్డింగ్ చేస్తే ఒత్తిడంతా ఆ ఒక్క గీత మీద పడి, వెల్డింగ్ పక్కనే వేడికి గురైన ఇనుములో పగులు వస్తుంది. తెలిసిన మేస్త్రీ ప్యాచ్‌ను కొసలు కోసుగా ఉండేలా కోస్తాడు. వెల్డింగ్ గీత పక్కన వెంట్రుకంత తుప్పు గీత కనిపిస్తే అది పగులు; అక్కడ గీకి, టార్చి పక్కవాటుగా వేసి చూడండి. రెండు పక్కలా ఒకే చోట ప్యాచ్‌లు ఉంటే అది తుప్పు. ఒక్క పక్కనే ఉండి, అక్కడ ఫ్రేమ్ కొంచెం మెలి తిరిగి ఉంటే అది యాక్సిడెంటు.

బ్రేకు పైపులు, కమాన్లు

బ్రేకు పైపును చాలామంది చూడరు. ఇనప పైపు లావు 4.75 మిల్లీమీటర్లు, దాని గోడ మందం దాదాపు 0.7 మిల్లీమీటర్లే. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు లోపల వంద బార్లు దాటే ఒత్తిడి ఉంటుంది. ఫ్రేమ్ మీద క్లిప్పులు పట్టుకున్న చోట, వెనక యాక్సిల్ మీదుగా పోయే చోట గోటితో గీకండి. గరుకుగా, గుంటలు తగిలితే మార్చాల్సిందే. మార్చడం పెద్ద ఖర్చు కాదు, కానీ మార్చకుండా బండి ఇంటికి నడుపుకుంటూ రావొద్దు. చక్రాల దగ్గర బ్లీడర్ నిపుల్స్ (బ్రేకు ఆయిల్‌లో గాలి తీసే మరలు) తుప్పుకు బిగుసుకుపోయి ఉంటే విప్పేటప్పుడు విరుగుతాయని లెక్క వేసుకోండి.

కమాను పట్టీల మధ్య తుప్పు ఉబ్బి పట్టీలు ఎడమైతే కమాను బిగుసుకుపోతుంది, తర్వాత పట్టీ విరుగుతుంది. యూ బోల్టుల మరలు సన్నబడ్డాయేమో చూడండి. కాయిల్ స్ప్రింగులున్న బండికి స్ప్రింగు అడుగు చుట్టు కూర్చునే కప్పులో మట్టి తీసి చూడండి, స్ప్రింగు విరిగేది అక్కడే.

భయపడక్కర్లేనివి కూడా చెప్పాలి. యాక్సిల్ హౌసింగ్, ప్రొపెల్లర్ షాఫ్ట్, డిఫరెన్షియల్ (కుడి, ఎడమ చక్రాలకు శక్తి పంచే గేర్లు) పోత ఇనుము డొప్ప, సైలెన్సర్ బయటి పొర, వీటి మీద తుప్పు, వాన తర్వాత బ్రేకు డిస్కుల మీద ఎరుపు, ఇవన్నీ మామూలే. హౌసింగ్ అడుగున తుప్పు మధ్యలో ఆయిల్ చెమ్మ కనిపిస్తే మాత్రం సూదిబెజ్జం పడిందేమో గీకి చూడండి.

ఫోర్ వీల్ సామాను

ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే గేరు పెట్టె) కింద స్కిడ్ ప్లేటు ఉంటే నాలుగైదు బోల్టులు విప్పి దించండి. రాళ్ల నుంచి కాపాడాల్సిన ఆ ప్లేటే బురదను ఒడిలో పెట్టుకుని కూర్చుంటుంది. దాని పైనున్న అడ్డ పట్టీ ఎలా ఉందో అప్పుడే తెలుస్తుంది.

డిఫరెన్షియల్ ఫిల్లర్ బోల్టు విప్పి వేలు పెట్టి ఆయిల్ తీయండి, ముందుదీ వెనకదీ. పాలు పోసిన టీ రంగులో ఉంటే నీళ్లు దిగాయి. వేడిగా ఉన్న డిఫరెన్షియల్ నీళ్లలోకి దిగగానే చల్లబడి, లోపలి గాలి కుంచించుకుపోతుంది. బ్రీదర్ పైపు (లోపలి గాలి ఆడే గొట్టం) ఊడితే అక్కడి నుంచే, పూడుకుపోతే సీళ్ల గుండా నీళ్లు పీల్చుకుంటుంది. ఈ ఆయిల్ చెప్పేది గేర్ల సంగతే కాదు, బండి ఎంత లోతు నీళ్లలోకి దిగిందో కూడా.

ఫోర్ హై, ఫోర్ లో (ఫోర్ వీల్‌లో మామూలు వేగం, తక్కువ వేగం గేర్లు) రెండూ వేసి చూడాలి. తారు రోడ్డు మీద కాదు, వదులు మట్టి మీద. పార్ట్ టైం ఫోర్ వీల్ (అవసరమైనప్పుడే నాలుగు చక్రాలకూ శక్తి పంపే) బండిని తారు మీద ఫోర్ వీల్‌లో మలుపు తిప్పితే ముందు, వెనక షాఫ్టుల మధ్య మెలి పడుతుంది. ఏళ్ల తరబడి లివర్ ముట్టుకోని బండిలో లింకేజీ తుప్పుకు బిగిసిపోయి ఉంటుంది. నాబ్ తిప్పే బళ్లలో షిఫ్ట్ మోటారు కనెక్టరు పిన్నుల మీద పచ్చటి చిలుము చూడండి. ఫ్రేమ్‌కు బిగించిన ఎర్త్ వైర్ల కొసలు కూడా, ఎందుకంటే అంతుపట్టని ఎలక్ట్రికల్ కంప్లైంట్లు చాలావరకు అక్కడే పుడతాయి.

వరదలో మునిగిందా

2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు బళ్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. ఉప్పునీళ్లు కాకపోయినా అది ఊరి మురుగు కలిసిన బురదనీరు. బాగుచేసి అమ్మకానికి వచ్చిన బండి పైకి బాగానే ఉంటుంది. సీటు బెల్టు చివరిదాకా లాగి అడుగు భాగంలో మట్టి చార చూడండి. సీటు పట్టాల స్ప్రింగులు, డాష్‌బోర్డు వెనక బ్రాకెట్లు, స్టీరింగ్ రాడ్ మొదలు ఎర్రబడి ఉంటే అక్కడిదాకా నీళ్లొచ్చినట్లే, ఎందుకంటే అక్కడ వాన పడదు. ఫ్రేమ్ బొక్కల్లో, ట్యాంకు పైన మెత్తటి ఒండ్రు ఒకే మందంలో ఉందా చూడండి. చక్రాలు చిమ్మిన మట్టి ఒకవైపే పడుతుంది. నిలిచిన నీళ్ల ఒండ్రు అన్ని వైపులా సమంగా కూర్చుంటుంది. 2024 సెప్టెంబరు, అక్టోబరుల్లో ఇన్సూరెన్సు క్లెయిమ్ ఉందేమో కూడా అడగండి.

బాడీ

దీనికి ఎక్కువ సమయం వద్దు. కాళ్ల కింద మ్యాట్లు, వాటి కింద కార్పెట్టు లేపండి. ఫ్లోర్ రేకు పలచగా ఉంటుంది, త్వరగా బొక్క పడుతుంది, కానీ నిచ్చెన ఫ్రేమ్ బండిలో అది టింకరింగ్ పనితో తీరుతుంది. తలుపుల అడుగున నీళ్లు పోయే రంధ్రాలు, చక్రాల తొట్ల లోపలి అంచు, వెనక డోరుకు స్టెప్నీ తగిలించిన కీలు చూడండి. ఇనప రేకు మీద అయస్కాంతం ఎక్కడ అంటుకోదో అక్కడ లప్పం మందంగా ఉంది.

డస్టర్ లాంటి బండికి లెక్క తారుమారు. అక్కడ తలుపుల కింది సిల్, జాకీ పెట్టే చోటు, స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన సామాను) బిగించిన టవరు, సబ్‌ఫ్రేమ్ బోల్టులు బాడీకి కలిసే చోటు, ఇవే ఫ్రేమ్. నిచ్చెన ఫ్రేమ్ బండిలో క్షమించిన తుప్పును ఇక్కడ క్షమించకండి.

బేరం

ఫోటోలన్నీ ముందు పెట్టుకుని మూడు కుప్పలు చేసుకోండి. పైతుప్పు, సైలెన్సర్, బోల్టులు: వీటికి ధర తగ్గించమని అడగొచ్చు, గొడవ అక్కర్లేదు. బ్రేకు పైపులు, కమాన్లు, ఫ్లోర్ రేకు, బాడీ మౌంటింగ్ బుష్‌లు: రెండు షెడ్లలో రాతపూర్వకంగా ఎస్టిమేట్ తీసుకుని, ఎక్కువ చెప్పిన మొత్తాన్ని ధరలో తగ్గించమనండి. తుప్పు పనిలో విప్పాక బోల్టులు విరగడం, అనుకున్నదానికన్నా పక్కదాకా పుచ్చి ఉండటం మామూలు, అందుకే తక్కువ ఎస్టిమేట్ నమ్మకూడదు. మూడో కుప్ప ఫ్రేమ్ బొక్కలు, సస్పెన్షన్ బ్రాకెట్ల దగ్గర పొరలు, తుప్పు మీదే అతికించిన ప్యాచ్‌లు, ఛాసిస్ నంబరులో తేడా. దీనికి ధర అంటూ లేదు. లక్ష తగ్గిస్తామన్నా వద్దు, ఎందుకంటే రేపు మీరు అమ్మబోయినప్పుడు కొనేవాడూ ఇలాగే కిందకి దూరతాడు.

కొన్నాక మొదటి నెలలో

మంచినీళ్లతో కింద అంతా కడిగించి, ఫ్రేమ్ రంధ్రాల్లోకి కూడా నీళ్లు పట్టించి బురద వెళ్లగొట్టండి. రెండు రోజులు ఎండలో ఆరనివ్వండి, తడి మీద ఏ పూతా నిలవదు. పొరలు గీకి, ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ రాసి, ఆరాక ఎపాక్సీ ప్రైమర్, ఆపైన ఛాసిస్ బ్లాక్. పెట్టె భాగాల లోపలికి పొడుగు నాజిల్‌తో మైనం స్ప్రే. నీళ్లు దిగే రంధ్రాలు, బ్రేకు డిస్కులు, సైలెన్సర్, రబ్బరు బుష్‌లు, సెన్సర్ల మీద ఏదీ పడనివ్వకండి. మేలో చేయించుకుంటే వానలకు ముందు పూత గట్టిపడుతుంది. సముద్రం ఒడ్డుకు వెళ్లిన రోజు తిరుగుదారిలోనే బాపట్లలోనో బందరులోనో సర్వీసింగ్ స్టేషన్‌లో ఆపి, పైన కడగకపోయినా కింద మాత్రం కడిగించండి.